అదిరే మోటారు కింద రబ్బరు వేసే ముందు డాంపింగ్‌ను కొలవడం ఎలా

తణుకు, మండపేట మిల్లుల్లోనూ, భీమవరం, ఆకివీడు చెరువు గట్ల మీదా, కాలువ పక్కన నీళ్లు తోడే ఇంజన్ల దగ్గరా అదురుకు ఒకటే వైద్యం నడుస్తోంది. మోటారు అదిరితే కింద రబ్బరు ముక్క వెయ్యి, తగ్గకపోతే ఇంకో పొర వెయ్యి. కొన్నిచోట్ల దాంతో అదురు నిజంగానే పోతుంది. కొన్నిచోట్ల రెట్టింపై ఫౌండేషన్ బోల్టులు వదులవుతాయి, బేరింగులు తొందరగా పోతాయి, దిమ్మ పగుళ్లిస్తుంది. ఆ రబ్బరు పని చేస్తుందో చెయ్యదో వేయకముందే చెప్పవచ్చు. అందుకు రెండు అంకెలు తెలియాలి. ఆ వస్తువు తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుంది, ఊగడం మొదలయ్యాక ఎంత త్వరగా చల్లబడుతుంది. మొదటిది సహజ పౌనఃపున్యం, రెండోది డాంపింగ్.

ఈ రెంటినీ ముందు ఇంట్లో ఒక స్ప్రింగు, ఒక నూనె డబ్బాతో కొలిచి చూడండి. ఆ తర్వాతే మోటారు దగ్గరికి వెళ్లండి. పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లతో కలిసి చేయండి, పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం కళ్ల ముందు కదులుతుంది.

సామాన్లు

ఒక ఉయ్యాల స్ప్రింగు, కిరాణా కొట్లో వాడే తూకం రాళ్లు, 15 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు గల జీఐ రేకు ముక్క, ఒక సైకిల్ చక్రం పుల్ల, పైభాగం కోసేసిన 5 లీటర్ల నూనె డబ్బా, స్కేలు, వీడియో తీసే ఫోను. ద్రవాలు మూడు కావాలి: నీళ్లు, మిల్లుల్లో వాడే 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్, ఆముదం. 68 అన్న అంకె ఊరికే వేసింది కాదు. 40 డిగ్రీల వేడి దగ్గర ఆ నూనె చిక్కదనం 68 సెంటీస్టోక్‌లు ఉంటుందని దాని అర్థం. అదే వేడి దగ్గర నీళ్లది ఒకటి కూడా ఉండదు.

స్ప్రింగు లెక్క

దూలానికి స్ప్రింగు కట్టి కింద రాళ్లు వేలాడదీయండి. రాయి జారితే కాలి మీద పడుతుంది కాబట్టి కింద ఇసుక బస్తా ఒకటి వేసి ఉంచండి.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. ఉయ్యాల స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. మొదటి కిలో, రెండో కిలో వేసినా అవి విడివడకపోవచ్చు. అందుకని మొత్తం సాగుదల కొలిస్తే లెక్క తప్పుతుంది. చుట్ల మధ్య సందులు బాగా కనిపించేదాకా బరువు పెంచండి, అక్కడినుంచి ఒక కిలో అదనంగా వేసి ఆ కిలోకి ఎంత దిగిందో మాత్రమే చూడండి. 3 కేజీల నుంచి 4 కేజీలకు వెళ్లినప్పుడు 2.5 సెం.మీ. దిగిందనుకుందాం. అప్పుడు 4 కేజీల పూర్తి బరువుకు లెక్క సాగుదల 10 సెం.మీ. అన్నమాట.

ఇప్పుడు గుర్తు పెట్టుకోవాల్సిన సూత్రం: సెం.మీ.లలో సాగుదలకు వర్గమూలం తీసి, దానితో 5ని భాగించండి. వచ్చేది సెకనుకు ఎన్ని ఊపులో ఆ సంఖ్య. 10కి వర్గమూలం 3.16, కాబట్టి 1.58 హెర్ట్జ్. కొంచెం కిందికి లాగి వదిలి పది ఊపులకు ఎంత సమయం పట్టిందో చూడండి, 6.3 సెకన్ల దగ్గర రావాలి. స్ప్రింగు సొంత బరువు కూడా కాస్త ఊగుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ పట్టినా కంగారు పడక్కర్లేదు. ఇదే సూత్రం తర్వాత మోటారు కింద రబ్బరుకు కూడా పనికొస్తుంది. అక్కడ సాగుదల బదులు నొక్కుడు చూస్తాం, అంతే తేడా.

గాలిలో ఒకసారి, నూనెలో ఒకసారి

రాళ్ల కింద సైకిల్ పుల్లను, పుల్ల చివర రేకును నిలువుగా బిగించండి. రేకు తన అంచు మీద పైకీ కిందికీ కదలాలి, విసనకర్రలా అడ్డంగా కాదు. ముందు డబ్బా లేకుండా గాలిలోనే 40 మి.మీ. లాగి వదలండి. వెనక స్కేలు నిలబెట్టి వీడియో తీయండి, కంటితో చదివిన అంకెలను నమ్మొద్దు. పది ఊపుల తర్వాత 35 మి.మీ. ఉందనుకోండి.

40ని 35తో భాగించి, దానికి సహజ లాగరిథమ్ తీయండి, ఫోను క్యాలిక్యులేటర్‌లో ఎల్‌ఎన్ అన్న మీట ఉంటుంది. 0.134 వస్తుంది. పది ఊపులు కాబట్టి పదితో భాగించండి, ఆపై 6.28తో భాగించండి. 0.0021, అంటే 0.21 శాతం. వస్తువు అసలు ఊగకుండానే నిలిచిపోవడానికి కావలసిన డాంపింగ్‌లో ఇది ఇంత శాతమని అర్థం. స్ప్రింగు ఉక్కులోనూ, కొక్కెం దగ్గరా, గాలిలోనూ పోతున్న శక్తి ఇది. దీన్ని పక్కన రాసుకోండి.

ఇప్పుడు 68 నంబరు నూనెలో రేకు పూర్తిగా మునిగేలా డబ్బా పెట్టండి. రేకు కింద కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. పైన నూనె మట్టం కూడా అంతే ఎత్తున ఉండాలి, లేకపోతే ఊపులో రేకు బయటికి వచ్చి లెక్క చెడుతుంది. మళ్లీ 40 మి.మీ. లాగి వదలండి. పది ఊపులకు 17 మి.మీ. అయిందనుకోండి. అదే లెక్క వేస్తే 1.36 శాతం. ఇందులోంచి మొదటి 0.21 తీసేస్తే నూనె వాటా 1.15 శాతం.

లాగరిథమ్ వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఊపు సగానికి పడడానికి ఎన్ని డోలనాలు పట్టాయో లెక్కపెట్టి, ఆ అంకెతో 11ని భాగించండి. వచ్చిందే డాంపింగ్ శాతం. ఎనిమిది ఊపులకు సగమైతే 1.4 శాతం. పొలం గట్టు మీద నిలబడి నోటితో చేయగల లెక్క ఇది.

అది నిజంగా జిగట డాంపింగేనా

ఈ పరీక్షను వదలకండి. స్నిగ్ధత, అంటే ద్రవం జిగట వల్ల వచ్చే నిరోధం వేగాన్ని బట్టి ఉంటుంది, వేగం సగమైతే నిరోధమూ సగమే. అందుకే ప్రతి పది ఊపులకూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది: 40, 17, 7. అలా కాక 40, 30, 20, 10 అని సమానంగా మెట్లు దిగినట్టు తగ్గి, టక్కున ఆగిపోతే ఎక్కడో పొడి రాపిడి ఉంది. పుల్ల డబ్బా అంచుకు ఒరుసుకుంటుందేమో చూడండి. కాలువల మీదుగా పోయే హైటెన్షన్ తీగలకు టవరు దగ్గర చిన్న డంబెల్స్‌లా వేలాడేవి చూసే ఉంటారు. గాలికి తీగ సన్నగా వణకడాన్ని అవి ఆపుతాయి. వాటిలో నూనె లేదు, డంబెల్ రెండు గుండ్లనూ కలిపే మెలితిప్పిన తీగలోని పోగులు ఒకదానితో ఒకటి ఒరుసుకోవడమే అక్కడ డాంపింగ్.

మూడో రకం చూడాలంటే రేకును వంచి అడ్డంగా, పళ్లెంలా బిగించి నీళ్లలో ఊపండి. మొదట్లో ఊపు గబగబా పడిపోతుంది, చిన్నదయ్యాక తగ్గడమే మానేసినట్టు ఉంటుంది. అక్కడ పని చేసేది నీళ్ల జిగట కాదు, రేకు అంచుల దగ్గర పుట్టే సుడులు. సుడుల నిరోధం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పెద్ద ఊపుకు బలంగా, చిన్న ఊపుకు నామమాత్రంగా ఉంటుంది. అలాంటి చోట "ఇంత శాతం డాంపింగ్" అని ఒక్క అంకె చెప్పడం కుదరదు, ఎంత ఊపు దగ్గర కొలిచారో కూడా చెప్పాలి.

ఆముదంలో ఆశ్చర్యం

30 డిగ్రీల దగ్గర ఆముదం స్నిగ్ధత నీళ్లకంటే 560 రెట్లు ఎక్కువ. నీళ్లది 0.80 మిల్లీపాస్కల్-సెకన్లైతే ఆముదానిది 451. మరి డాంపింగ్ కూడా 560 రెట్లు పెరగాలి కదా? కొలిచి చూడండి, దాదాపు 23 రెట్లే పెరుగుతుంది. మన రేకుకు నీళ్లలో 0.11 శాతం, ఆముదంలో 2.6 శాతం దరిదాపుల్లో రావాలని లెక్క చెబుతుంది. రేకు అంచులూ పుల్లా కలిసి కాస్త ఎక్కువే రావచ్చు.

కారణం ఇది. రేకు కదిలినప్పుడు డబ్బాలోని ద్రవమంతా కదలదు. రేకుకు అంటుకుని ఉన్న పలచని పొర మాత్రమే దానితో పాటు ఈడ్చుకుపోతుంది. మన ఊపు వేగానికి నీళ్లలో ఆ పొర మందం అర మిల్లీమీటరు కూడా లేదు, 0.4 మి.మీ. ఆముదంలో అది దాదాపు 1 సెం.మీ. ద్రవం చిక్కనయ్యేకొద్దీ లాగే బలం పెరుగుతుంది, కానీ పొర కూడా మందమై ఆ ఈడ్పు పలచబడుతుంది. రెండూ కలిసి చివరికి డాంపింగ్ స్నిగ్ధత వర్గమూలం మేరకే పెరుగుతుంది. లోలకం ఊగుతుంటే చుట్టూ ఉన్న ద్రవం దాన్ని ఎలా నెమ్మదింపజేస్తుందో ఈ పద్ధతిలో లెక్కగట్టినవాడు జార్జ్ గాబ్రియల్ స్టోక్స్. ఆ వ్యాసం 1851లో అచ్చయింది. బడిలో చదివే స్టోక్స్ నియమం, ద్రవంలో పడే గోళం నియమం, పుట్టింది కూడా ఆ లోలకాల లెక్కల్లోనే.

నూనె జిగట మొత్తాన్నీ వాడుకోవాలంటే ద్రవానికి చోటు ఇవ్వకూడదు. రెండు పలకల మధ్య సందు ఆ పొర మందం కంటే బాగా సన్నగా ఉంటే, అప్పుడు డాంపింగ్ నేరుగా స్నిగ్ధతతో పాటు పెరుగుతుంది, సందు సగమైతే రెట్టింపవుతుంది. మోటారు సైకిల్ షాక్ అబ్జార్బర్‌లో పిస్టన్‌కు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, నూనెను వాటిగుండా బలవంతంగా తోసేది అందుకే.

వేడి సంగతి మరిచిపోవద్దు. ఆముదం స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 986, 30 దగ్గర 451, 40 దగ్గర 231. పది డిగ్రీలకు సగానికి సగం. జనవరి తెల్లవారుజామున బాగా పనిచేసిన నూనె డాంపరు రోహిణీ కార్తె మధ్యాహ్నం సన్నగిల్లితే చెడిపోయిందనుకుని విప్పేయకండి. కొలిచిన ప్రతిసారీ అంకె పక్కన నూనె వేడి కూడా రాయండి.

ఇక మోటారు దగ్గరికి

ఫోనులో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకోండి. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసింది. అందులో త్వరణం స్పెక్ట్రమ్ అన్న భాగం చాలు. పాత ఫోను ఉంటే అదే వాడండి, ఇంజను మీద ఎక్కువసేపు ఉంచితే కొత్త ఫోన్ల కెమెరాలు దెబ్బతినే వీలుంది. ఫోనును డబుల్ టేపుతో దిమ్మకు గట్టిగా అంటించండి, ఊరికే పెడితే అది గలగలలాడే చప్పుడే రికార్డవుతుంది. బెల్టుకూ పుల్లీకీ దూరంగా, మోటారు ఆపి, మెయిన్ తీసి అంటించాలి.

మోటారు ఆగి ఉండగా బేస్‌ను కొయ్య సుత్తితో పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి కొట్టండి. తెర మీద లేచే శిఖరమే ఆ దిశలో సహజ పౌనఃపున్యం. మామూలు త్వరణం గ్రాఫ్‌లో ఊపు సగానికి ఎన్ని డోలనాల్లో పడిందో లెక్కపెడితే డాంపింగ్ శాతం వచ్చేస్తుంది.

తర్వాత నడిపించి చూడండి. 1440 ఆర్‌పీఎం మోటారుకు 24 హెర్ట్జ్ దగ్గర శిఖరం వస్తుంది. 1500 ఆర్‌పీఎం సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజనుకు 25 దగ్గర ఒకటి, 12.5 దగ్గర ఇంకొకటి వస్తాయి. రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది కాబట్టి ఆ రెండోది. డీజిల్ విషయంలో దీన్ని మరిచిపోతే మొత్తం లెక్క తారుమారవుతుంది.

నడిచే పౌనఃపున్యాన్ని సహజ పౌనఃపున్యంతో భాగించండి. ఆ నిష్పత్తి 0.7కూ 1.4కూ మధ్య ఉంటే అనునాదం పక్కనే ఉన్నారు, అంటే రెండు పౌనఃపున్యాలూ కలిసి ఊపు విపరీతంగా పెరిగే చోటు పక్కన. సరిగ్గా 1 దగ్గర ఊపు ఎన్ని రెట్లవుతుందో తెలియాలంటే డాంపింగ్ శాతంతో 50ని భాగించండి. 2 శాతానికి 25 రెట్లు, 10 శాతానికి 5 రెట్లు. ఇక్కడ డాంపింగ్ ఆదుకుంటుంది, కానీ నిష్పత్తిని మార్చడమే అసలు మందు. పుల్లీ మార్చి వేగం మార్చవచ్చు, దిమ్మ బరువు పెంచవచ్చు, కింద మెత్తదనాన్ని మార్చవచ్చు.

ఇప్పుడు రబ్బరు సంగతి. మిల్లు బెల్టు ముక్కల్ని నాలుగు మూలలా వేశారు, మోటారు బరువుకు అవి అర మిల్లీమీటరు నొక్కుకున్నాయి, అంటే 0.05 సెం.మీ. దాని వర్గమూలం 0.224. 5ని దానితో భాగిస్తే 22.4 హెర్ట్జ్. మోటారు నడిచేది 24. పోయి పోయి అనునాదం మీద కూర్చోబెట్టారన్నమాట. రబ్బరు వేశాక అదురు పెరిగిందనే చోట చాలావరకు జరిగేది ఇదే. రబ్బరు కదలికలో ఉన్నప్పుడు నిలకడగా ఉన్నప్పటికంటే కాస్త గట్టిగా ఉంటుంది కాబట్టి అసలు అంకె ఇంకొంచెం పైకి, 24కు ఇంకా దగ్గరగా పోతుంది.

అదే 2.5 మి.మీ. నొక్కుకునే మందపాటి రబ్బరైతే 10 హెర్ట్జ్, నిష్పత్తి 2.4. నేలకు పోయే అదురు బలం ఐదో వంతుకు పడుతుంది. రబ్బరును దాని మందంలో పదో వంతుకు మించి నొక్కనివ్వకండి, కాబట్టి 25 మి.మీ. మందం కావాలి. సక్షన్, డెలివరీ పైపులను గట్టిగా బిగించి వదిలితే అదురు పైపులోంచి గోడకు పోతుంది, మధ్యలో రబ్బరు హోస్ ముక్క వేయాలి.

ఇక్కడొక మెలిక ఉంది. నిష్పత్తి 1.4 దాటాక డాంపింగ్ పెంచితే నేలకు పోయే బలం పెరుగుతుంది. 2.4 దగ్గర డాంపింగ్ 5 శాతం ఉంటే 0.22 వంతు పోతుంది, 50 శాతం చేస్తే 0.49 వంతు పోతుంది. "ఎంత ఎక్కువ డాంపింగ్ అయితే అంత మంచిది" అన్న మాట ఇక్కడ చెల్లదు. బియ్యం జల్లెడకు అసలే వేయకూడదు, అది అదరడానికే ఉంది, డాంపరు పెడితే కరెంటు వేడిగా మారిపోతుంది, పనికి రాదు.

డీజిల్ ఇంజనుకు ఆ 10 హెర్ట్జ్ రబ్బరు పనికిరాదు, 12.5కు నిష్పత్తి 1.25 అవుతుంది. దానికి 5 హెర్ట్జ్ కావాలి, అంటే 1 సెం.మీ. నొక్కుకునే స్ప్రింగులు. స్ప్రింగులో సొంత డాంపింగ్ మనం గాలిలో కొలిచినట్టే నామమాత్రం. ఇంజను వేగం అందుకునేటప్పుడూ ఆగేటప్పుడూ 5 హెర్ట్జ్ గుండా పోవాలి, అక్కడ అది చిందులేస్తుంది. అందుకే స్ప్రింగుల పక్కన నూనె డాంపరు తప్పనిసరి. 200 కేజీల ఇంజనుకు 10 శాతం డాంపింగ్ కావాలంటే సెకనుకు మీటరు వేగానికి 1250 న్యూటన్ల నిరోధం ఉండాలి. ఆముదంలో ముంచిన మన రేకు ఇచ్చేది 2. అలాంటి రేకులు ఆరు వందలు వేలాడదీయలేం కదా, కాబట్టి రంధ్రాల పిస్టన్ ఉన్న షాక్ అబ్జార్బరే దారి. దాన్ని ఇంజను ఎక్కువగా కదిలే మూల దగ్గర, ఆ కదిలే దిశలోనే నిలబెట్టండి. కదలని చోట పెడితే దానికి తినడానికేమీ ఉండదు. డీజిల్‌కు ఇంత హంగామా వద్దనుకుంటే బరువైన కాంక్రీటు దిమ్మ మీద నేరుగా బిగించడమే నా సలహా, సగం సగం మెత్తదనం కంటే అది మేలు.

డెల్టాలో ఇంకొక సంగతి. దిమ్మ కింద నల్లరేగడి వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టిపడుతుంది, నీళ్లు వదిలి నేల నానాక మెత్తబడుతుంది. సుత్తి పరీక్ష రెండు కాలాల్లోనూ చేయండి. ఎండాకాలం సవ్యంగా ఉన్న మోటారు సార్వా నాట్లప్పుడు అదరడం మొదలుపెడితే మోటారును తిట్టేముందు నేలను చూడాలి.

నీళ్లే ఊగుతుంటే

చేప పిల్లల్ని ఆటోలో తీసుకెళ్లే ట్యాంకులో నీళ్లు తొణకడం కూడా కంపనమే. నీళ్ల జిగట దాన్ని ఆపలేదు, రేకు దగ్గర చూసినలాంటి పలచని పొర ఎంతని తింటుంది? 1.2 మీటర్ల పొడవు, 60 సెం.మీ. లోతు నీళ్లు దాదాపు 1.3 సెకన్లకు ఒకసారి అటూ ఇటూ కొట్టుకుంటాయి. బ్రేకు నొక్కి వదిలే సమయమూ దానికి దగ్గరగా ఉండవచ్చు. మధ్యలో రంధ్రాలున్న అడ్డుపలక దించండి. పొడవు సగమై ఊపు త్వరితమవుతుంది, రంధ్రాల్లో సుడులు పుట్టి శక్తి తింటాయి. పలక అంచులు గరుకుగా ఉంటే పిల్లల పొలుసులు పోతాయి, ఆకురాయి పెట్టి నునుపు చేయండి. పలక లేనప్పుడు ట్యాంకును మూతదాకా నింపండి, నిండు కుండ తొణకదన్నది ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. అయితే గాలి గొట్టం ఆగకుండా నడవాలి, పైన ఖాళీ లేనప్పుడు పిల్లలకు ఆక్సిజన్ దానితోనే అందాలి.

పని అయిపోయాక 68 నంబరు నూనెను కాలువలోనో చెరువులోనో పారబోయకండి. డబ్బాకు మూత పెట్టి మెకానిక్ షెడ్డులో పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. ఆముదం వడగట్టి దాచుకుంటే మళ్లీ కొలతకు పనికొస్తుంది. షాక్ అబ్జార్బర్ బిగించినవాళ్లు నెలకోసారి దాని కడ్డీ చుట్టూ గుడ్డతో తుడిచి చూడండి, గుడ్డకు నూనె అంటితే సీలు పోయినట్టే. ఆ రోజే సుత్తి పరీక్ష మళ్లీ చేసి పాత అంకెతో పోల్చుకోండి.